జీతం 20వ తేదీకే అయిపోతుంటే ముందు ఏడాది లెక్క రాయండి

కర్నూలు నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. ఇంటాయనకు ప్రైవేటు ఉద్యోగంలో 28,000 వస్తుంది, తాను ఇంట్లో కుట్టుమిషన్ మీద నెలకు 6,000 దాకా సంపాదిస్తారు. బాబు ఐదో తరగతి, పాప రెండో తరగతి. ప్రతి నెలా 20వ తేదీ వచ్చేసరికి చేతిలో పైసా ఉండదు, చివరి పది రోజులు చేబదుళ్లతో నెట్టుకొస్తున్నారు. బంగారం తాకట్టు కొట్లో ఉంది, రోజుకింత అని కట్టే డైలీ ఫైనాన్స్ అప్పు కూడా నడుస్తోంది. "కూరగాయల దగ్గర నుంచి పిల్లల బిస్కెట్ల దాకా అన్నీ తగ్గించి చూశాం అక్కా, ఇంకా ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు, కాలనీలో కడుతున్న చీటీ ఆపేస్తే ఆ 5,000 అయినా మిగులుతుందా?" అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. చీటీ ఆపొద్దు, వచ్చే పాటలో, అంటే చీటీ వేలంలో, కాస్త తక్కువకైనా పాడుకుని డబ్బు ముందే తీసుకోండి. ఆ డబ్బుతో తాకట్టులో ఉన్న బంగారం విడిపించండి. డైలీ ఫైనాన్స్ జోలికి మళ్లీ పోవద్దు. వంటింట్లో, కరెంటులో, ప్రయాణాల్లో కలిపి నెలకు 1,200 తగ్గితే చాలు, అంతకు మించి పిల్లల తిండి మీద చెయ్యి పెట్టాల్సిన పని లేదు. ఈ 1,200 అనే అంకె ఎలా వచ్చిందో కింద లెక్కతో సహా రాశాను, కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నా గురించి రెండు మాటలు. మాది అనంతపురం. మా ఆయన బండ్ల స్పేర్ పార్టుల షాపులో పని చేస్తారు. 1999లో పెళ్లయినప్పటి నుంచి ఇంటి పద్దు నేనే రాస్తున్నాను, మా వీధి మహిళా పొదుపు సంఘం లెక్కల పుస్తకం కూడా 14 ఏళ్లుగా నా చేతుల్లోనే ఉంది. ఎవరి ఇంట్లో డబ్బు ఎందుకు కట్టు తప్పుతుందో సంఘం మీటింగుల్లో చాలా దగ్గరగా చూశాను. చదివి చెప్పేది కాదు, చూసి చెప్పేది.

ముందు మీరు రాసిన అంకెలే వరసగా పెడతాను. అద్దె 7,000. చీటీ 5,000. బండి ఈఎంఐ 3,200. తాకట్టు కొట్లో 60,000కి వందకు రెండు రూపాయల వడ్డీ, అంటే 1,200. డైలీ ఫైనాన్స్ రోజుకు 200, నెలకు 6,000. సరుకులు, పాలు, కూరగాయలు కలిపి 10,000. కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,200. పెట్రోలు, ఆటోలు 2,000. మొత్తం 36,600. వచ్చేది 34,000. అంటే ఏ పండగా లేని, ఎవరికీ జ్వరం రాని మామూలు నెలలోనే 2,600 తక్కువ. ఇక 20వ తేదీకి డబ్బు అయిపోవడంలో మీ తప్పేమీ లేదమ్మా, మీరు దుబారా మనిషి అయినందుకు కాదు అది.

ఇప్పుడు ఇంకో రకంగా కూడండి. చీటీ, ఈఎంఐ, బంగారం వడ్డీ, డైలీ ఫైనాన్స్ నాలుగూ కలిపితే 15,400. వచ్చే దాంట్లో ఇది 45 శాతం. నలుగురు మనుషులు నెలంతా తినేది 10,000. మీరేమో ఆ 10,000 దగ్గర కూర్చుని ఎర్రగడ్డలు అర కిలో తగ్గిద్దామా, పెరుగు ప్యాకెట్ మానేద్దామా అని సతమతమవుతున్నారు. అక్కడ ఎంత పిండినా 500, 600 కంటే రాలదు, పైగా ఇంట్లో అందరి మొహాలూ వాడిపోతాయి.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి ఉంది. బంగారం మీ మరిది పెళ్లి కోసం పెట్టారు. డైలీ ఫైనాన్స్ జూన్‌లో పిల్లల ఫీజుల కోసం తీసుకున్నారు. ఈ రెండింటిలో ఏది హఠాత్తుగా వచ్చిన ఖర్చు చెప్పండి? బడి ప్రతి ఏడాదీ జూన్‌లోనే తెరుస్తారు. మరిదికి సంబంధాలు చూస్తున్న సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలుసు. తెలిసిన ఖర్చే, తెలిసిన నెలలోనే వచ్చింది, కానీ మన పద్దులో దానికి చోటు లేదు. ఎందుకంటే మనం నెలకే లెక్క రాస్తాం. అద్దె, పాలు, సరుకులు, కరెంటు రాసుకుని అయిపోయిందనుకుంటాం. ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చు ఏ నెల లెక్కలోనూ కనిపించదు, వచ్చిన రోజున మాత్రం అప్పుగా మారుతుంది, ఆ అప్పు కంతు వచ్చే నెలల లెక్కలో వచ్చి కూర్చుంటుంది. మా సంఘంలో చేబదులుకు వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది కథ ఇదే.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. 2011 జూన్ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం. "జూన్ 13, పెద్దోడి ఫీజు మొదటి కంతు 4,500, చిన్నదాని ఫీజు 3,000, పుస్తకాలు 2,180, యూనిఫాం గుడ్డ, కుట్టు కూలి 1,650, షూస్ రెండు జతలు 740" అని రాసి ఉంది. మొత్తం 12,070. ఆ నెల మా ఆయన జీతం 8,500. డైలీ ఫైనాన్స్ అబ్బాయిని పక్కింటి వాళ్లే పరిచయం చేశారు. 10,000 రాసుకుని 9,000 చేతికిచ్చాడు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. ఒక చిన్న అట్టకార్డు ఇచ్చాడు, అడ్డంగా పది, నిలువుగా పది గళ్లు. రోజూ సాయంత్రం ఏడు గంటలకు బండి వీధి మలుపులో ఆపి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నేను కార్డు మధ్యలో వంద నోటు మడిచి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేదాన్ని, అతను నోటు తీసుకుని ఒక గడిలో పొట్టి సంతకం గీకి వెళ్లిపోయేవాడు. మా చిన్నది ఆ హారన్ వినగానే "అమ్మా, కార్డు" అని అరిచేది. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు కార్డుకు ఇచ్చి, పాలు అప్పు మీద పోయించుకున్న రోజులు ఎన్నో.

కార్డు నిండాక ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. వెయ్యి రూపాయలే కదా పోయింది అనుకున్నానా, కాదు. నా చేతిలో 9,000 ఉన్నది మొదటి రోజు మాత్రమే. రోజూ కడుతూ పోతాం కాబట్టి సగటున నేను వాడుకున్నది 4,500. 4,500 మీద వంద రోజులకు 1,000 వడ్డీ. ఏడాదికి వేస్తే 80 శాతం దాటుతుంది. వందకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, దాన్నే మనం ఎక్కువ అనుకుంటాం. రోజుకు వంద అనే మాట చిన్నగా వినిపిస్తుంది కాబట్టే ఆ వ్యాపారం నడుస్తోంది. మీరు తీసుకున్న 18,000కి 20,000 లెక్క కూడా సరిగ్గా ఇదే.

ఆ ఏడాది దసరా సెలవుల్లో కూర్చుని ఏడాది లెక్క రాశాను. అప్పటి నుంచి ఏ జూన్‌కూ అప్పు చేయలేదు. ఎలా రాయాలో చెప్తాను, ఇదే నా అసలు సమాధానం.

ఒక తెల్ల కాగితం మీద ఉగాది నుంచి ఉగాదికో, జూన్ నుంచి మే దాకో, మీకు ఎలా వీలైతే అలా పన్నెండు నెలలు రాయండి. మీ ఆయన, మీరు ఇద్దరూ కూర్చోవాలి, అత్తగారు ఉంటే ఆమెను కూడా కూర్చోబెట్టండి, ఏ బంధువు ఇంట్లో ఏ శుభకార్యం రాబోతుందో పెద్దవాళ్లకే బాగా తెలుస్తుంది. ప్రతి నెల పక్కన నెలవారీ కానివి మాత్రమే రాయండి. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్ల చదివింపులు. తర్వాత వినాయక చవితి చందా, దసరా బట్టలు, దీపావళి. మీ ఊళ్లో పీర్ల పండగకు ఇంటికి చుట్టాలు వస్తారా, అదీ రాయండి. సంక్రాంతికి పుట్టింటి ప్రయాణం, మాఘం నుంచి మళ్లీ పెళ్లిళ్లు. వేసవిలో చింతపండు, ఎండుమిర్చి, ఊరగాయ సరుకులు. బండి ఇన్సూరెన్స్ ఏ నెలలో, సర్వీసింగ్ ఎప్పుడు. పిల్లలకు ఏడాదికి రెండుసార్లయినా జ్వరాలు వస్తాయి, అది కూడా రాయండి, రాసినంత మాత్రాన కీడు జరగదు.

చదివింపుల దగ్గర జాగ్రత్తగా రాయాలి. మన ఇళ్లల్లో చదివింపు అనేది ఒక రకం బాకీ. వాళ్లు మన ఇంట్లో కార్యానికి 1,116 పెట్టి ఉంటే మనం తక్కువ పెట్టలేం. మీ పెళ్లిలో, పిల్లల పుట్టువెంట్రుకలకు ఎవరెవరు ఎంత పెట్టారో రాసిన పుస్తకం ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికి తీయండి. మా ఇంట్లో ఆ పుస్తకం తీసినప్పుడు ఆ ఏడాది మేం తిరిగి పెట్టాల్సినవి ఏడు తేలాయి, నేను అనుకున్నది మూడే.

మీరు ఇచ్చిన వివరాలను బట్టి నేను మీకు ఒక చిత్తు లెక్క వేశాను. ఇద్దరి ఫీజులు 40,000, పుస్తకాలు, యూనిఫాంలు 9,000, పండగలు 12,000, చదివింపులు 10,000, డాక్టరు ఖర్చులు 8,000, చింతపండు, మిర్చి లాంటి ఏడాది సరుకులు 6,000, ఊరి ప్రయాణాలు 5,000, బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 4,000. మొత్తం 94,000. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 7,800. ఇది మీ పద్దులో ఇన్నాళ్లూ లేని ఖర్చు. అద్దె ఎలాగో ఇదీ అలాగే, జీతం పడిన రోజే పక్కకు పోవాలి. పోపుల డబ్బాలో దాస్తే నిలవదు, వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, ఆ ఖాతాకు ఫోన్ పే పెట్టొద్దు, ఏటీఎం కార్డు బీరువాలో ఉండాలి.

"ఉన్నదానికే 2,600 తక్కువైతే 7,800 ఎక్కడి నుంచి తెచ్చేది అక్కా?" అంటారు. చీటీ మాట అక్కడే వస్తుంది.

మీ చీటీ లక్ష రూపాయలది, 20 నెలలు, 12 కట్టారు, ఇంకా 8 ఉన్నాయి. చివరిదాకా కూర్చుంటే కమిషన్ 5,000 పోను 95,000 చేతికొస్తుంది. ఇప్పుడు పాడుకుంటే, గత రెండు పాటలు 88,000 దగ్గర పోయాయని రాశారు కాబట్టి, అంతే వస్తుందనుకుందాం. ముందే తీసుకున్నందుకు మీకు పోయేది 7,000. కానీ ఆ డబ్బుతో 60,000 కట్టి బంగారం విడిపిస్తే ఎనిమిది నెలల వడ్డీ 9,600 మిగులుతుంది. అంటే పాడుకోవడమే లాభం. పాట 85,400 కంటే కిందికి పోతే మాత్రం ఆగండి, అక్కడి నుంచి నష్టం మొదలవుతుంది. పాట రోజున పక్కవాళ్లు పోటీకి వస్తే పంతానికి పోవద్దు, ఈ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి.

బంగారం పోను 28,000 మిగులుతుంది. దాంతో డైలీ ఫైనాన్స్ కూడా ఒకేసారి కట్టేయాలనిపిస్తుంది, తొందరపడొద్దు. ఆ వడ్డీ అతను మొదటి రోజే పట్టుకున్నాడు, మిగిలిన 12,000 ఇవాళ కట్టినా, అరవై రోజుల్లో కట్టినా అంతే. "ఒకేసారి ఇస్తాను, ఎంత తగ్గిస్తావు?" అని అడిగి చూడండి, తగ్గిస్తే కట్టేయండి, లేకపోతే అలాగే నడవనివ్వండి. ఆ 28,000ని కొత్త ఖాతాలో వేయండి, మీ ఏడాది డబ్బుకు అదే మొదటి జమ.

ఇక నెలల వారీగా చూడండి. మొదటి రెండు నెలలు బంగారం వడ్డీ 1,200 తగ్గుతుంది కాబట్టి లోటు 2,600 నుంచి 1,400కి వస్తుంది, ఆ రెండు నెలలకు 2,800 ఈ 28,000 లోంచి తీయాలి. ఆ రెండు నెలలూ ఏడాది ఖాతాలో వేయాల్సిన 15,600 కూడా ఇందులోంచే అనుకోండి. మూడో నెల నుంచి డైలీ ఫైనాన్స్ 6,000 ఉండదు. అప్పుడు ఖర్చు 29,400, మిగులు 4,600. కావాల్సింది 7,800, అంటే నెలకు 3,200 తక్కువ, ఆరు నెలలకు 19,200. మొత్తం కలిపితే 37,600. చేతిలో ఉన్నది 28,000. తేడా 9,600, ఎనిమిది నెలలకు పంచితే నెలకు 1,200. నేను పైన చెప్పిన అంకె ఇదే. మీరు ఇంట్లో తగ్గించాల్సింది ఇంతే.

ఎనిమిది నెలల తర్వాత చీటీ అయిపోతుంది, బండి ఈఎంఐ కూడా అప్పటికే అయిపోతుందని రాశారు. నెలకు 8,200 చేతికి తిరిగి వస్తుంది. అందులో 3,200 ఏడాది ఖాతాకు పోయినా 5,000 మిగులు. దాని సంగతి తర్వాత.

పాట కుదరకపోతే రెండో దారి ఉంది. బంగారాన్ని బ్యాంకుకు మార్చండి. బ్యాంకును బట్టి ఏడాదికి 9, 10 శాతం దగ్గర బంగారు రుణం దొరుకుతుంది, అంటే 60,000కి నెలకు 500 లోపు. మీరు ఇప్పుడు కడుతున్నది 1,200. ఇబ్బంది ఒకటే, ముందు కొట్లో డబ్బు కట్టి నగ తెస్తే గానీ బ్యాంకులో పెట్టలేం. దీనికి నమ్మకమైన దగ్గరి బంధువును ఒక్క రోజుకు 60,000 సర్దమని అడగాలి. పొద్దున విడిపించి, మధ్యాహ్నానికి బ్యాంకులో పెట్టి, సాయంత్రానికి వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేయాలి. మా సంఘంలో ఇలా ముగ్గురివి మార్పించాం. కొట్టు నుంచి తెచ్చేటప్పుడు తూకం చూసుకోండి, రసీదు వెనక రాసిన గ్రాములు, బ్యాంకులో తూచిన గ్రాములు ఒకటే ఉండాలి.

చీటీ గురించి ఒక హెచ్చరిక. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయించాలి. కాలనీల్లో తెలిసినవాళ్లు నడిపే చీటీల్లో చాలావాటికి అదేమీ ఉండదు. నడిపే మనిషి మంచివారే కావచ్చు, కానీ ఆ ఇంట్లో ఒక ఆపరేషన్ జరిగినా, పాడుకున్నవాళ్లు ఇద్దరు కట్టడం మానేసినా మీ డబ్బు ఇరుక్కుంటుంది. మీది పాడుకోమనడానికి ఇది కూడా ఒక కారణం. పాడుకున్నాక మిగిలిన ఎనిమిది నెలలూ తేదీ తప్పకుండా కట్టండి. ఇది అయ్యాక మళ్లీ చేరాలనుకుంటే రిజిస్టర్ అయిన దాంట్లోనే చేరండి.

ఇప్పుడు ఆ 1,200. నేను చేసేవే చెప్తాను, మీకు నచ్చినవి తీసుకోండి.

చింతపండు, మిర్చి, కందిపప్పు పంట వచ్చే రోజుల్లో కొనండి. కొత్త చింతపండు మాఘ ఫాల్గుణాల్లో హిందూపురం మార్కెట్‌కు దిగుతుంది, అప్పుడు కిలో కొన్న ధరకూ శ్రావణంలో చిల్లర కొట్లో పావు కిలో చొప్పున కొనే ధరకూ చాలా తేడా ఉంటుంది. గింజలు, ఈనెలు తీసి, రెండు ఎండలు పెట్టి, రాళ్ల ఉప్పు చల్లుతూ జాడీలో అదిమి పెడితే మళ్లీ ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు. మా నలుగురికి ఎనిమిది కిలోలు సరిపోతుంది. ఈ డబ్బు ఏడాది ఖాతాలోంచే వస్తుంది, ఆ నెల జీతం మీద భారం పడదు.

టమాటా సంగతి మీకు నేను చెప్పాలా, పత్తికొండ మీ జిల్లాలోనే ఉంది. ఒక నెల రైతులు ధర లేక రోడ్డు మీద పారబోస్తారు, ఇంకో నెల కొనలేం. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు మా ఇంట్లో ఒరుగులే వాడాం. చవగ్గా ఉన్నప్పుడు పది కిలోలు తెచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, మేడ మీద పాత చీర పరిచి ఎండబెట్టండి. మన ఎండకు మూడు నాలుగు రోజుల్లో చేత్తో పట్టుకుంటే గలగలమంటాయి. పప్పులో నాలుగు వేస్తే చాలు.

కూరగాయలకు సి.క్యాంపు రైతుబజారు మీకు దగ్గరే అనుకుంటాను. వారానికి రెండుసార్లు చాలు, రోజూ వీధిలోకి వచ్చే బండి దగ్గర కొంటే ధర ఎక్కువ, అవసరం లేనివి కూడా కొంటాం. సరుకుల చీటీ నెలకు ఒకసారే రాయండి. నూనె మాత్రం నెల మొదట్లో వేరే డబ్బాలో కొలిచి పోసుకోండి, అది నెలాఖరు దాకా రావాలి అనుకుంటే చెయ్యి దానంతటదే తగ్గుతుంది. మాకు మూడు లీటర్లు. ముందు నాలుగున్నర అయ్యేది.

తిండి విషయంలో మన సీమ వాళ్లం కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. వారంలో రెండు రాత్రులు రాగి సంగటి, శనక్కాయల పచ్చడి. ఒక రోజు జొన్న రొట్టె, మెంతాకు పప్పు. పొద్దున టిఫిన్‌కు బయటి ఇడ్లీలు తెచ్చే బదులు ఉగ్గాని, బొరుగులు పది నిమిషాలు కూడా నానక్కర్లేదు. చవక అని కాదు, కడుపు నిండుతుంది, పిల్లలకు బలం. పాలు, గుడ్లు, శనక్కాయలు, ఆకుకూరలు మాత్రం తగ్గించొద్దు. మీరు బాబుకు సాయంత్రం పాలు మానేశామని రాశారు, దయచేసి రేపటి నుంచే మళ్లీ ఇవ్వండి. నా లెక్కలో ఆ పాల డబ్బు ఉంది.

కరెంటులో ఒక్క పని పెద్దది, ఫ్యాన్. మామూలు పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఉంటుంది. మన ఊళ్లల్లో ఏడాదిలో ఎనిమిది నెలలు రోజుకు 15 గంటలైనా తిరుగుతుంది, ఒక్క ఫ్యాన్‌కే నెలకు 20 యూనిట్ల తేడా. మన రాష్ట్రంలో యూనిట్ల మెట్లు ఉన్నాయి కదా, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 226వ యూనిట్ నుంచి 8.75. పైమెట్టు యూనిట్లే ముందు తగ్గుతాయి కాబట్టి లాభం అక్కడే ఎక్కువ. ఇప్పుడే కొనమనడం లేదు, దసరాకు ఒకటి, వచ్చే వేసవికి ఇంకొకటి, పండగ డబ్బులోనే.

ప్రయాణాలకు, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కుట్టు సామాన్లకు, పుట్టింటికి ఆటోలో, బండి మీద వెళ్లేవి ఎన్నో చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా రోజూ బీపీ మాత్రలు వాడుతుంటే, డాక్టరును అడిగి, చవకగా మందులమ్మే ప్రభుత్వ పథకం జనఔషధి దుకాణంలో అదే మందు తీసుకోండి. మా అత్తమ్మ షుగర్, బీపీ మాత్రలకు నెలకు 1,100 అయ్యేది, అక్కడ 300 లోపు వస్తున్నాయి. మందు పేరు, మిల్లీగ్రాములు సరిగ్గా అవే ఉన్నాయో లేదో చూపించుకుని తీసుకోండి, సొంతంగా మార్చొద్దు.

ఈ నాలుగైదు పనుల్లో 1,200 కంటే ఎక్కువే మిగులుతుంది. ఎక్కువ మిగిలితే మీ ఇద్దరూ చెరో 300 తీసుకోండి, దానికి ఒకరికొకరు లెక్క చెప్పుకోవద్దు. మా ఆయన టీ డబ్బుల మీద నేను మొదటి రెండేళ్లు రోజూ గొడవ పడ్డాను. ఆయన పద్దు పుస్తకం చూడటమే మానేశారు. చేతి ఖర్చు విడిగా పెట్టాక ఆయనే ఆదివారం పూట పుస్తకం తీసి కూడిక చూస్తున్నారు.

ఇక ఎనిమిది నెలల తర్వాత మిగిలే ఆ 5,000. అందులో 4,000 ఆపద డబ్బు. ఇది ఏడాది ఖాతాలో కలపొద్దు, దీనికి మూడో ఖాతా. మీ ఊరి వాళ్లకు నేను ఇది గట్టిగా చెప్తాను. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు మా పిన్ని వాళ్లు పాతబస్తీలో ఉండేవాళ్లు. రాత్రికి రాత్రి మేడ మీదికి ఎక్కారు, కింద బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదలో. వాళ్లు దాచుకున్నదంతా రెండు చీటీల్లో ఉంది, నడిపే ఆయన ఇల్లు కూడా నీళ్లలోనే. పాపం ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? పిన్ని పేరు మీద బ్యాంకులో ఎప్పుడో వేసి మర్చిపోయిన 14,000 ఉంటే, దాంతో మా ఇంటికి వచ్చి, మళ్లీ గిన్నెలు, పొయ్యి కొనుక్కున్నారు. అందుకే ఆపద డబ్బు చీటీలో వద్దు, చేబదులుగా వద్దు, బ్యాంకులోనే. 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా కూడా ఉంటుంది. ఆ ఖాతాలో మూడు నెలల ఇంటి ఖర్చు చేరేదాకా ఆ డబ్బు ముట్టొద్దు. ఆధార్, సర్టిఫికెట్లు, బంగారం రసీదులు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి పై అరలో పెట్టండి.

మిగిలిన 1,000 పాప పేరు మీద సుకన్య సమృద్ధిలో, అంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతాలో వేయండి. పదేళ్ల లోపే తెరవాలి, పాపకు ఏడేళ్లే కాబట్టి టైం ఉంది. ఏడాదికి 250 వేసినా ఖాతా బతికి ఉంటుంది, 2025లో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం ఈ రేటును చూస్తుంది. పాపకు 18 వచ్చేదాకా, లేదా పదో తరగతి దాటేదాకా తీయడానికి ఉండదు, అందుకే ఆపద డబ్బు తర్వాతే దీన్ని చెప్పాను. బాబుకు పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ, 100తో కూడా మొదలుపెట్టొచ్చు, ఐదేళ్లది. అది తొందరేమీ లేదు.

స్కూలు ఫీజు గురించి ఒకటి మర్చిపోయాను. ఏప్రిల్‌లోనే వెళ్లి అకౌంట్స్ వాళ్లను అడిగితే రెండు కంతుల్ని నాలుగు చేస్తారు, జూన్‌లో క్యూలో నిలబడి అడిగితే చేయరు. పాఠ్యపుస్తకాలకు పై తరగతి పిల్లల తల్లులను ముందే అడిగి పెట్టుకోండి.

మీరు రాయనివి రెండున్నాయి, అవి తెలిస్తే ఇంకా సరిగ్గా చెప్పగలను. ఒకటి, పాడుకున్నాక మీ చీటీ నడిపేవాళ్లు మీ దగ్గర ప్రామిసరీ నోటు ఒక్కటే అడుగుతారా, జామీను కూడా కావాలంటారా? జామీను కావాలంటే ఎవరిని అడగాలో పాటకు ముందే చూసుకోవాలి. రెండు, తాకట్టు కొట్లో వడ్డీ నెలనెలా కడుతున్నారా, బాకీ పడ్డారా? బాకీ ఉంటే 60,000 కాదు, దానికి కలిసిన వడ్డీతో లెక్క మారుతుంది, 28,000 తగ్గుతుంది. రసీదు చూసి ఆ తేదీ, గ్రాములు రాయండి, అంకెలు మళ్లీ వేసి పెడతాను.